గీత లేని పేర్లు

పలాసలో జీడిపప్పు పని తప్ప ఇంకో పని ఉంటుందంటే బయటి ఊళ్ల వాళ్లు నమ్మరు. నేను మాత్రం ఉద్యోగంలో ఆఖరి పన్నెండేళ్లు అక్కడే గడిపాను, ఒక్క జీడిపిక్క కూడా ఒలవకుండా. పలాసని ఆనుకునే ఉన్న కాశీబుగ్గలో ఒక బట్టల కొట్టు మేడ మీద మా టైపింగ్ సెంటరు ఉండేది. పొద్దున్నే టెక్కలిలో బస్సెక్కి వెళ్లి, సాయంత్రం బస్సుకి తిరిగొచ్చేవాణ్ణి. నా హోదా సూపర్‌వైజరు. అంటే ఎనిమిది మంది టైపు కొడుతుంటే వాళ్ల కుర్చీల వెనక నడుస్తూ తొందరపెట్టడం.

ఆ పన్నెండేళ్లలో చెప్పుకోదగ్గ మంచి పనులు కూడా కొన్ని చేశాను. వాటిని ఇక్కడ రాయను. అలాంటివి రిటైరైన వాళ్లందరి దగ్గరా ఉంటాయి. నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తాను. నా కింద పనిచేసిన ఒక అమ్మాయి దాన్ని దిద్దడానికి చూసింది. కొంత దిద్దింది. మిగతాది ఇక ఎవరి చేతిలోనూ లేదు.

మాకు విశాఖపట్నంలో ఒక పెద్ద కంపెనీ నుంచి పని వచ్చేది. బ్యాంకు ఫారాలు, పాత లైబ్రరీ కార్డులు, ఎవరివో ఆస్పత్రి చీటీలు. ఒక ఏడాది వానాకాలంలో వాళ్లు ఒక హార్డ్ డిస్కు పంపారు. అందులో చేత్తో రాసిన పాత పుస్తకాల ఫొటోలు ఉన్నాయి. తెరిచి చూస్తే మాకెవరికీ ఆ లిపి ఏమిటో తెలియలేదు. మాలో అందరికంటే పాతవాడు ఇచ్ఛాపురం నుంచి రైల్లో వచ్చే ఒకాయన. నలభై దాటినవాడు. తల్లి ఒడియా, తండ్రి తెలుగు, రెండు లిపులూ ముత్యాల్లా రాస్తాడు. వరస లేకపోయినా నన్ను బావా అని పిలిచి వేళాకోళం ఆడేవాడు. ఆయన స్క్రీను దగ్గరికి ముఖం పెట్టి కాసేపు చూసి, "బావా, ఇది రాతా, ముగ్గా?" అన్నాడు.

అది ఇథియోపియా దేశపు లిపి. నాలుగు రోజులు చూస్తే మనకి అంత పరాయిది కాదనిపిస్తుంది. వాళ్లకీ గుణింతం ఉంది. ఒక్కో హల్లుకి ఏడు రూపాలు. మన గుడి, కొమ్ము అక్షరానికి తగిలించినట్టు కనిపిస్తాయి. వాళ్లకి అక్షరమే మారుతుంది. ఒక కాలు పొడుగవుతుంది, నడుముకి చిన్న గీత వస్తుంది, కాలి చివర సున్నా మొలుస్తుంది. మాకు ఆ భాష రాదు. ఏ అక్షరం ఎలా పలుకుతుందో కూడా తెలీదు. తెలియక్కర్లేదన్నారు విశాఖ వాళ్లు. గోడకి పెద్ద పట్టిక అంటించారు. కాగితం మీద ఉన్న బొమ్మని పట్టికలో వెతికి, ఆ మీట కొట్టడమే పని.

పద్ధతి ఒక్కటి చెప్పాలి, తర్వాత అవసరం పడుతుంది. ఒకే పేజీని ఇద్దరు వేరువేరుగా కొడతారు. కంప్యూటరు రెండింటినీ పోల్చి, తేడా ఉన్నచోట ఎరుపు చూపిస్తుంది. ఇద్దరు మనుషులు ఒకేచోట ఒకే తప్పు చేయరనే నమ్మకం మీద ఆ పద్ధతి నడుస్తుంది.

ఆ పుస్తకాలేమిటో ఒక కాగితం మీద రాసి పంపారు. ఆ దేశంలో ఊరూరా ఒక సంఘం ఉంటుందట. ఎవరింట్లో మనిషి పోయినా డేరా వేయడం దగ్గర్నుంచి మోయడం దాకా సంఘమే చూసుకుంటుంది. అందులో ఉన్న కుటుంబాల పేర్లు, పోయినవాళ్ల పేర్లు తరాల తరబడి రాసుకుంటూ వచ్చిన పుస్తకాలవి, మొత్తం పదకొండు. కొండల్లో ఉండే ఒక చిన్న జాతి వాళ్లవి. వాళ్లలోనే ఒక బడి మాస్టారు ఊళ్లు తిరిగి పుస్తకాలు పోగుచేసి ఫొటోలు తీశాడు.

మూడో వారంలో జలంత్రకోట అమ్మాయి లేచి నిలబడింది. మా టైపిస్టుల్లో ఆమే చిన్నది. డిగ్రీ అయిన ఏడాదికి మా దగ్గర చేరింది. తండ్రికి కొంచెం కొబ్బరి, కొంచెం జీడి తోట. సోంపేటలో బస్సు పట్టుకుని వచ్చేది. మాట తక్కువ.

"సార్, ఈ అక్షరం పట్టికలో నేదు," అంది.

వెళ్లి చూశాను. పట్టికలో ఉన్న ఒక అక్షరం లాగే ఉంది. కానీ భుజం మీద చిన్న గీత ఒకటి ఎక్కువ. చేతి జారుడేమో అనుకున్నాను. ఆమె నాలుగు పేజీలు వెనక్కి తిప్పి చూపించింది. నాలుగు చోట్ల అదే గీత, అంతే పొడుగు, అటే వాలు. అలాంటివి ఇంకో రెండు మూడు అక్షరాలు కూడా ఉన్నాయని చెప్పింది.

విశాఖ వాళ్లని అడిగాను. రెండు రోజులకి జవాబొచ్చింది. ఆ అక్షరాలకి కోడు లేదట.

ఫోను మీద వేలితో తెలుగు రాసుకునే పిల్లలు ఈ మాట దగ్గర కొంచెం ఆగండి. కంప్యూటరుకి అక్షరం తెలీదు, అంకె తెలుసు. లోకంలో ఉన్న లిపులన్నిటికీ కలిపి ఒక పెద్ద పట్టిక తయారుచేశారు. మన 'అ'కి ఒక అంకె, 'ఆ'కి ఒక అంకె. మీ ఫోను చూపించేది ఆ అంకెల్నే. ఇథియోపియా లిపికి కూడా అంకెలిచ్చారు. అయితే పెద్ద భాషలు వాడే అక్షరాలకి ముందు ఇచ్చారు. చిన్న జాతులు తమ నోటికి తగ్గట్టు ఒక గీత చేర్చి చేసుకున్న కొన్ని అక్షరాలకి అప్పటికింకా ఇవ్వలేదు. అంకె లేని అక్షరం ఎంతమంది రాసినా కంప్యూటరు లెక్కలో పుట్టనే లేదు. 'ళ' అనే అక్షరం ఇంకా పట్టికెక్కలేదనుకోండి. 'కళ' అని రాయబోతే 'కల' అని పడుతుంది. అదీ మాటే కాబట్టి చదివేవాడికి అనుమానం కూడా రాదు.

ఖాళీ మాత్రం వదలొద్దు, ఫైలు ఫెయిలవుతుంది, మీరే ఏదో ఒకటి చూసుకోండి అని రాశారు విశాఖ వాళ్లు. గడువు దగ్గర పడుతోంది.

నేను సీసం అక్షరాల కాలం వాణ్ణి. టెక్కలిలో ఒక ప్రెస్సులో కంపోజింగు నేర్చుకున్నాను. నాకు పని నేర్పిన పెద్దాయన ఒక మాట అనేవారు. టైపు పెట్టె గడిలో అక్షరం అయిపోతే ఇంకో అక్షరం తెచ్చి ఇరికించకు, ఏదో ఒకదాన్ని తలకిందులు చేసి పెట్టు. ప్రూఫులో అక్కడ నల్లటి మచ్చ పడుతుంది, దిద్దేవాడి కంటికి ఆనుతుంది. తప్పుడక్షరం అయితే ఎవడి కంటికీ ఆనదు. ఆ మాట నాకు ఆ రోజు గుర్తు రాలేదని రాస్తే బాగుండేది. గుర్తొచ్చింది. గుర్తొచ్చాకే ఎనిమిది మందినీ పిలిచి, గీత లేని అక్షరం కొట్టేయండి, దగ్గరగానే ఉంది కదా అని చెప్పాను.

ఆ పూట నుంచి ఇద్దరు మనుషులు ఒకేచోట ఒకే తప్పు చేయడం మొదలుపెట్టారు. తేడా లేదు కాబట్టి ఎరుపు రాలేదు. ఆ నెల అన్ని సెంటర్లలోకీ మాకే తప్పులు తక్కువ పడ్డాయని మెచ్చుకుంటూ మెయిలొచ్చింది. దాన్ని ప్రింటు తీసి మెట్ల దగ్గర గోడకి అంటించాను.

కొన్నాళ్లకి జలంత్రకోట అమ్మాయి వెనకబడుతున్నట్టు కనిపించింది. రోజు కోటా అవడం లేదు. వెనక నుంచి వెళ్లి చూస్తే ఒళ్లో ఒక పొడుగు నోటుబుక్కు. కాసేపు టైపు కొడుతుంది, ఆగి నోటుబుక్కులో రాస్తుంది.

"ఏటమ్మా అది?"

"గీత ఉన్న అక్షరాలు అందరి పేజీల్లోనూ ఎక్కడెక్కడ పడ్డాయో రాసుకుంటన్నాను సార్. ఏ పుస్తకం, ఏ పేజీ, ఎన్నో లైను. రేపు ఎవులైనా అడిగితే ఉంటాది కదా."

ఎవరూ అడగరన్నాను. ఆమె స్క్రీను వైపు తిరిగి, "పేర్లు కదా సార్," అంది.

"పేర్లే కదా," అన్నాను నేను.

ఇద్దరం ఒకే మాట అన్నాం. ఒక ఏత్వం తేడా. ఆ నోటుబుక్కు మళ్లీ సెంటరులో కనిపించకూడదని చెప్పాను. అప్పటికి నాలుగో పుస్తకం ఆఖరి పేజీలు నడుస్తున్నాయి. ఆమె మూసి సంచీలో పెట్టుకుంది. ఆ రోజు ఆమె ముఖం కొంచెం ఉబ్బినట్టుగా ఉంది. చెప్పులు విప్పి, కాళ్లు కుర్చీ అడ్డకర్ర మీద పెట్టుకుని కూర్చుంది. నిద్రమొహం అనుకున్నాను. పని మీద శ్రద్ధ లేదనుకున్నాను. ఇంటింటా కిడ్నీ జబ్బు ఉండే ఉద్దానం పక్కన పుట్టి పెరిగినవాణ్ణి, ఉబ్బిన ముఖం చూసి ముందు ఏం అనుకోవాలో నాకు తెలిసుండాలి.

పదకొండు పుస్తకాలూ గడువులోపలే అయిపోయాయి. పని ముగిశాక ఫొటోలన్నీ చెరిపేసి, చెరిపామని సంతకం పెట్టి పంపాలి. అది ఎప్పుడూ ఉండే నియమమే. నేనే చెరిపాను, నేనే సంతకం పెట్టాను. ఇంకో ఏడాదికి ఆ అమ్మాయి ఒంట్లో బాగోలేదని మానేసింది. వెళ్లేటప్పుడు అందరికీ చెప్పి వెళ్లింది. మేం బ్యాంకు ఫారాలు కొట్టుకుంటూ ఉన్నాం.

నా రిటైర్మెంటుకి ఇంకా ఏడెనిమిది నెలలుందనగా విశాఖ నుంచి ఒక ఉత్తరం నాకు పంపించారు. ఆ బడి మాస్టారు రాసింది. ఇంగ్లీషు నా ఇంగ్లీషు లాగే ఉంది, అందుకే సులువుగా అర్థమైంది. మా అక్షరాలకి ఇప్పుడు అంకెలొచ్చాయి, ఇక మా పేర్లు మేం రాసుకునేలాగే కంప్యూటరులో రాసుకోవచ్చు అని మొదలుపెట్టాడు. తర్వాత పేరాలో, తమ వైపు గొడవలు జరిగాయని, పుస్తకాలు దాచిన గది తగలబడిందని, తన కంప్యూటరు కూడా అందులోనే ఉందని రాశాడు. మిగిలిందల్లా మేము టైపు చేసిన ఫైలు. అది వేరే దేశంలో ఒక విశ్వవిద్యాలయంలో ఉంటే తెప్పించుకున్నాడు. తెరిచి చూస్తే అందులో ఒక్క గీత కూడా లేదు. గీత తీసేస్తే అవి పక్కనున్న పెద్ద జాతి వాళ్ల పేర్లలాగా అయిపోతాయట. మా ముసలివాళ్లకి చదివి వినిపిస్తే ఇవి మన పుస్తకాలు కావంటున్నారు, మీ దగ్గర ఫొటోలు గాని, ఏవైనా గుర్తులు గాని ఉన్నాయా అని అడిగాడు.

ఆ ఉత్తరం ఇచ్ఛాపురం ఆయనకి చదివి వినిపించాను. ఆయన కీబోర్డు పక్కకి నెట్టాడు.

"ఆ పిల్ల ఏటో రాసుకునేది కదా బావా," అన్నాడు. "నువ్వు ఆపీసినావు."

ఆమె పాత నంబరుకి ఫోను చేస్తే తండ్రి తీశాడు. కిడ్నీలు పాడయ్యాయని, వారానికి రెండుసార్లు పలాస ఆస్పత్రిలో రక్తం శుద్ధి చేయించుకుంటోందని చెప్పాడు. ఏడాది పైనే అయిందట. ఏడాదిగా వారానికి రెండుసార్లు మా సెంటరుకి అంత దగ్గర్లోకి వచ్చి వెళుతోంది. మాలో ఎవరికీ తెలీదు.

మంగళవారం పొద్దున్న వెళ్లాను. సిస్టరు లోపలికి రానివ్వలేదు. ఆఫీసు పని అంటే, ఇక్కడ ఆఫీసు పనేంటని విసుక్కుంది. చివరికి చెప్పులు బయట విప్పించి, చేతులు కడిగించి, పది నిమిషాలు అంది. వరసగా మంచాలు, పక్కన మిషన్లు. మా వైపు ఊళ్లన్నీ ఆ గదిలో ఉన్నాయి. ఆమె సగానికి సగం అయిపోయింది. ముఖం మాత్రం అప్పటి లాగే ఉబ్బి ఉంది. ఎడం చేతికి గొట్టాలు. నన్ను చూసి లేవబోతే సిస్టరు కసిరింది.

ఉత్తరం సంగతి చెప్పాను. నోటుబుక్కు ఉందా అని అడగడానికి నోరు రాలేదు. ఆమే చెప్పింది.

"ఉంది సార్, పెట్టెలో. కాని నాలుగో పుస్తకం దాకే ఉంది."

ఆ మాట అన్నప్పుడు ఆమె నా వైపు చూడలేదు. ఎందుకు ఆగిందో ఇద్దరికీ తెలుసు కాబట్టి ఆ సంగతి ఆమె ఎత్తలేదు. నేను తప్పు చేశానమ్మా అన్నాను. పేజీలు ప్రింటు తీసి పట్టుకురండి అంది.

శుక్రవారం నోటుబుక్కు తెచ్చింది. నేను పదకొండు పుస్తకాల ప్రింట్లు, ఒక అట్ట, ఎర్ర పెన్ను తెచ్చాను. మొదటి నాలుగు పుస్తకాలు సులువుగానే అయ్యాయి. నేను నోటుబుక్కులోంచి పేజీ, లైను చదివితే ఆమె కుడిచేత్తో ఆ అక్షరం భుజం మీద ఎర్రగీత గీసేది. ఎక్కడా తడబడలేదు. రాసినప్పుడు ఎంత జాగ్రత్తగా రాసిందో అప్పుడు తెలిసింది. సిస్టరు రెండోసారికి పది నిమిషాల మాట మర్చిపోయింది. మూడోసారికి నాకు స్టూలు వేసింది.

ఐదో పుస్తకం దగ్గర ఆగిపోయాం. ఆధారం లేదు. ఇక్కడితో పంపేద్దామని నేను అనుకుంటున్నాను. ఆమె రెండు కాగితాలు పక్కపక్కన పెట్టుకుని చూస్తోంది.

"సార్, ఈళ్లకి ఇంటిపేర్లు ఉండవు కదా. మనిసి పేరు, తర్వాత తండ్రి పేరు, తర్వాత తాత పేరు. మూడో పుస్తకంలో ఈ మనిసికి గీత ఉన్నాది. ఆరో పుస్తకంలో ఈయన కొడుకు వచ్చినాడు. పక్కన తండ్రి పేరు ఇదే, ఊరూ ఇదే. అయితే ఇక్కడా గీత ఉండాలి కదా."

భాష రాని పిల్ల, పలుకు తెలీని పిల్ల, బొమ్మలు చూసి వంశాలు పట్టింది. ఆ రోజు నుంచి అలాగే చేశాం. ముందు పుస్తకాల్లో గీత ఉన్న మనిషిని పట్టుకుని, తర్వాత పుస్తకాల్లో అతని కొడుకుల వెనక, మనవల వెనక వెతుక్కుంటూ వెళ్లడం. దొరికితే ఎర్రగీత. అనుమానం ఉండి, తేల్చలేకపోతే పేరు చుట్టూ పెన్సిలుతో సున్నా. ఇంట్లో కూడా చేసేదిట, ఓపిక ఉన్న రోజున. ఒక్కోసారి మధ్యలో పెన్ను జారిపోయేది. కాసేపు కళ్లు మూసుకుని, మళ్లీ చెయ్యి చాపేది.

పక్క మంచం మీద బారువ వైపు నుంచి వచ్చే ఒక ముసలాయన ఉండేవాడు. సముద్రం మీద చేపల వేటకి వెళ్లడం మానేసి చాలాకాలమైంది. రోజూ ఏటి సదువుతున్నారని అడిగేవాడు. ఒకరోజు చెప్పాను, ఎక్కడో దేశంలో పోయినవాళ్ల పేర్లు సరిచేస్తున్నామని. ఆయన పైకప్పు వైపు చూస్తూ, మనవి ఎవులు రాత్తారో అన్నాడు.

సున్నాలు పెరుగుతున్నాయి. ఒక శుక్రవారం నాకు విసుగొచ్చింది. ఒక పేరు చూపించి, ఇది కూడా గీత ఉన్నదే అయ్యుంటుంది, పెట్టేద్దామమ్మా అన్నాను.

"మళ్లీ పెట్టేద్దాం అంటన్నారేటి సార్," అంది. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే కొంచెం తేలిగ్గా ఉండేది.

తర్వాత ఆ కాగితం నా వైపు తిప్పింది. సున్నా చుట్టిన పేర్లని వేలితో ఒక్కొక్కటీ తాకుతూ చెప్పింది.

"ఇవి చూడండి. ఈ పేర్లు ఒక్కసారే వచ్చినాయి. మళ్లీ ఏ పుస్తకంలోనూ ఎవులి వెనకా తండ్రిగా రాలేదు. ఇవి పిల్లలవి సార్. చిన్నప్పుడే పోయినోళ్లవి. ఈళ్ల పేరు సెప్పుకోడానికి ఈళ్ల కింద ఎవులూ నేరు. ఇవి మనకి దొరకవు."

నేను కాగితం వైపే చూశాను. ఆ లైన్ల చివర ఒక గుర్తు ఉండేది, అన్నిటికీ ఒకటే. అదేమిటో మేం ఎప్పుడూ ఆలోచించలేదు. తర్వాత మాస్టారుని అడిగితే పసిబిడ్డ అని అర్థమన్నాడు.

మా దగ్గర అప్పుడు ఫొటో ఉంది, గీత ఉంది, ఆ గీత చూసి రాసుకునే మనిషి ఉంది. ఎవరూ అడగరని చెప్పి ఆపింది నేను. విశాఖ వాళ్లు ఆపమనలేదు. గడువు కూడా ఆపమనలేదు. ఆమె రోజుకి ఓ గంట ఎక్కువ తీసుకునేది, అంతే. పనిలో తప్పులు అందరూ చేస్తారు. తప్పు జరుగుతోందని పక్కనుంచి ఒకరు చెబుతున్నప్పుడు వాళ్ల నోరు మూయించడం వేరే జాతి తప్పు. చిన్నవాళ్లకి చెప్పదగ్గది నా దగ్గర ఏదైనా ఉంటే అది ఇంతే.

తొమ్మిదో పుస్తకం చివరికొచ్చాం. ఒక మంగళవారం వెళ్లేసరికి ఆ మంచం మీద వేరే ఎవరో ఉన్నారు. సిస్టరు నన్ను చూసి బయటికి వచ్చింది. ఆదివారం పోయిందని చెప్పింది. స్టూలు తీసి గోడకి జరిపింది. రెండు రోజుల తర్వాత తండ్రి ఎవరిచేతనో సెంటరుకి ఒక సంచీ పంపించాడు. అందులో నోటుబుక్కు, అట్ట, ప్రింట్లు, ఎర్ర పెన్ను. తొమ్మిదో పుస్తకం ఆఖరి పేజీ దాకా గీతలూ సున్నాలూ పడి ఉన్నాయి. ఆఖరి రెండు పేజీల్లో గీతలు వంకర పోయాయి. కానీ పడవలసిన చోటే పడ్డాయి.

పదీ పదకొండూ నేనూ ఇచ్ఛాపురం ఆయనా మధ్యాహ్నం భోజనాల వేళల్లో కూర్చుని చేశాం, ఆమె పద్ధతిలోనే. ఆయన ఒక్కరోజు కూడా బావా అని పిలవలేదు, వేళాకోళం ఆడలేదు. కొత్త అంకెలతో అక్షరాలు మార్చి, సున్నా చుట్టిన పేర్ల జాబితా వేరే రాసి, మాస్టారుకి పంపించాం. దిద్దగలిగినవి ఎన్నో, దిద్దలేనివీ దాదాపు అన్నే.

పది రోజులకి ఆయన వీడియో కాల్ చేశాడు. నాకంటే చిన్నవాడు, జుట్టు మాత్రం మొత్తం తెల్లబడింది. దిద్దిన పేర్లు చదివి వినిపిస్తుంటే ఒక ముసలావిడ తన భర్త పేరు దగ్గర చెయ్యెత్తి ఆపి, మళ్లీ చదవమందట. సున్నా చుట్టిన వాటికి తెలిసిన వాళ్ల కోసం ఊళ్లలో అడుగుతున్నాడు. కొన్నింటికి ఇంకా తల్లులున్నారు, వాళ్లు చెప్పగలరు అన్నాడు. చాలావాటికి లేరు. వాటిని అచ్చులో అలాగే సున్నాతోనే ఉంచుతాం, ఊహించి పెట్టం అన్నాడు. ఆమె కూడా ఊహించి పెట్టనివ్వలేదని చెప్పాను.

ఎవరామె అని అడిగాడు. చెప్పాను. ఆయన కాగితం, పెన్ను దగ్గరికి లాక్కున్నాడు. జాబితా మొదటి పేజీలో ఆమె పేరు వేస్తాను, మా పద్ధతిలో తండ్రి పేరు, తాత పేరు కూడా కావాలి అన్నాడు. తాత పేరు నాకు తెలీదు.

ఆదివారం జలంత్రకోట వెళ్లాను. ఆ ఊరు వెళ్లడం నాకు అదే మొదటిసారి. తండ్రి తోటలోనే ఉన్నాడు, రాలిన కొబ్బరి మట్టలు ఒక పక్కకి లాగుతున్నాడు. నేనెవరో చెబితే, ఆస్పత్రిలో మీతో పని ఉన్న రోజున మా గుంట అన్నం సరిగ్గా తినేది అన్నాడు. మా వైపు ఆడపిల్లని అలాగే అంటారు. వచ్చిన పని చెప్పాను. తాత పేరు ఎందుకో ఆయనకి ఒక పట్టాన అర్థం కాలేదు. వాళ్లలో అలా రాస్తారని చెబితే తల ఊపి తండ్రి పేరు చెప్పాడు. మూడు పేర్లూ ఫోన్లో మాస్టారుకి నిదానంగా పలికి వినిపించాను. ఆయన రెండుసార్లు తిరిగి పలికాడు.

వారానికి ఆ పేజీ మెయిల్లో వచ్చింది. ప్రింటు తీసి మళ్లీ వెళ్లాను. తండ్రి చేతులు పంచెకి తుడుచుకుని కాగితం అందుకున్నాడు. కంటికి దగ్గరగా పెట్టుకున్నాడు, దూరంగా పెట్టుకున్నాడు. పై వరస మీద వేలు పెట్టి ఆ మూడు మాటలనీ మెల్లగా తడిమాడు.

"ఇందల మా గుంట పేరు తప్పు నేకుండా పడినాదా బాబూ?"

పడింది అన్నాను. ఆ లిపి నాకు చదవడం రాదని ఆయనకి చెప్పలేదు.